కత్తికి తోలు ఒర: ముందు తోలు, ఆ తర్వాతే నగిషీ

సొంత చేత్తో కత్తికి తోలు ఒర చేసుకోవాలని ముచ్చటపడేవాళ్ళు హైదరాబాద్‌లో ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. కొందరి ఇళ్ళలో తాతల నాటి జంబియా, అంటే వంపు తిరిగిన అరబ్బు బాకు, ఉంటుంది, దాని పాత ఒర చీకిపోయి ఉంటుంది. కొందరు డార్జిలింగ్ వెళ్ళినప్పుడు ఖుక్రీ అనే గూర్ఖాల వంపు కత్తి తెచ్చుకుంటారు. ఇంకొందరు తోటపనికో ట్రెక్కింగ్‌కో మంచి కత్తి కొని, దానితో వచ్చిన నైలాన్ తొడుగు నచ్చక తోలు వైపు చూస్తారు. వీళ్ళందరూ మొదట అడిగేది ఒకటే: ఏ పనిముట్లు కొనాలి?

పనిముట్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. దానితో మొదలుపెట్టినవాళ్ళు మాత్రం తొందరగానే తికమకపడతారు. ఒక వీడియోలో తోలును నీళ్ళలో ముంచమంటారు, ఇంకోదాంట్లో స్పాంజితో తడిపితే చాలంటారు. ఒకరు కుట్టాక రంగు వెయ్యమంటారు, ఒకరు కుట్టకముందే వెయ్యాలంటారు. వీళ్ళలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో రకం తోలుతో ఒక్కో రకం ఒర చేస్తున్నారు, అంతే. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలుకి నీళ్ళు తగిలితే ఏమవుతుంది, ఇనుము తగిలితే ఏమవుతుంది అన్న రెండు విషయాలు తెలిస్తే చాలు. ఏ పని ముందో ఏది వెనకో ఆ తోలే చెబుతుంది.

బెరడు తోలు, క్రోమ్ తోలు

పచ్చి చర్మంలో ముఖ్యంగా ఉండేవి కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు. తడిగా వదిలేస్తే అది కుళ్ళిపోతుంది, ఎండబెడితే రేకులా బిగుసుకుపోతుంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేది ఇలా బెరడుతో గానీ క్రోమ్‌తో గానీ శుద్ధి చెయ్యని మేకతోలుతోనే. అందుకే దీపం వెలుగు దాని గుండా రంగురంగులుగా బయటికి వస్తుంది. కానీ మడిస్తే విరిగే ఆ తోలు ఒరకి పనికిరాదు. చర్మం కుళ్ళకుండా, మడిచినా విరగకుండా ఉండాలంటే పోగుల మధ్య ఏదో ఒకటి చేరి వాటిని పట్టి ఉంచాలి. ఆ పని బెరడులోని టానిన్ చేస్తే దాన్ని వెజిటబుల్ ట్యాన్డ్ తోలు అంటారు, బజారులో వెజ్ ట్యాన్ అంటే అర్థమవుతుంది. క్రోమియం లవణాలు చేస్తే అది క్రోమ్ తోలు.

మన నేలమీద ఈ టానిన్ కోసం వాడినవాటిలో ముఖ్యమైనవి తంగేడు చెక్క, అంటే దాని బెరడు, ఇంకా కరక్కాయ. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును అందరం గుర్తుపడతాం, అది తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఆ చెట్టు బెరడే ఊళ్ళలో తోళ్ళను నిలబెట్టింది. మాదిగలు తోళ్ళు ఊరబెట్టే లందల్లో సున్నపు నీళ్ళతో వెంట్రుకలు వదిలించి, తంగేడు చెక్క నీళ్ళలో తోలును రోజుల తరబడి ఊరబెట్టి, బావి నీళ్ళు తోడే మోటకీ చెప్పులకీ ఎద్దుల పట్టెడలకీ తోలు తయారుచేసేవాళ్ళు. వ్యవసాయం మొత్తం ఆ తోలు మీద నడిచింది. ఆ పని చేసినవాళ్ళను మాత్రం ఊరు దూరంగా పెట్టింది. ఇవాళ మనం హాబీ అని, లెదర్ క్రాఫ్ట్ అని నేర్చుకుంటున్నదానికి రసాయనశాస్త్రం మొత్తం వాళ్ళ చేతుల్లో ముందే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకునే ఈ పనిలోకి దిగాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఇదే తంగేడు పద్ధతిలో చేసిన తోళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ‘ఈస్ట్ ఇండియా తోలు’ పేరుతో విదేశాలకు ఎగుమతి అయ్యేవి. 1948లో చెన్నైలో ఏర్పడిన కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థను పెద్ద సంస్థగా నిలబెట్టిన యలవర్తి నాయుడమ్మ మన తెనాలి ప్రాంతం మనిషే. తోలు గురించి శాస్త్రం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు.

క్రోమ్ శుద్ధికి ఎక్కువ రోజులు పట్టవు, తోలు మెత్తగా వస్తుంది, నీళ్ళకు పెద్దగా లొంగదు. అందుకే బూట్ల పైభాగాలు, జాకెట్లు, సోఫాలు, హ్యాండ్‌బ్యాగుల్లో ఎక్కువ భాగం క్రోమ్ తోలే. బజారులో సులువుగా దొరికేదీ అదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాన్నే కొని, పువ్వు చెక్కబోయి, మర్నాటికి పువ్వు మాయమైపోతే తమ చెయ్యి బాగోలేదని బాధపడతారు. చేతిలో లోపం లేదు. క్రోమియం పోగులను గట్టి బంధాలతో కట్టేస్తుంది, తడిపినా అవి కదలవు, నొక్కితే నొక్కుకుని మళ్ళీ పైకి లేస్తాయి. టానిన్ కట్టే బంధాలు వదులు. నీళ్ళు చేరగానే పోగులు ఒకదానిమీద ఒకటి జారతాయి, ఆరగానే జారినచోటే ఆగిపోతాయి. నగిషీ నిలబడేది ఇందుకే. కత్తి ఆకారానికి ఒర ఒదిగేదీ ఇందుకే.

కాబట్టి దుకాణంలో అడిగి ఊరుకోకుండా చేత్తో చూసుకోండి. ఒక నీటి చుక్క వేస్తే వెజ్ ట్యాన్ వెంటనే పీల్చుకుని ఆ చోటు ముదురుతుంది. గోరుతో నొక్కితే గుర్తు ఉండిపోతుంది. అంచు కోసి చూస్తే లోపలంతా లేత గోధుమరంగు ఉంటుంది, క్రోమ్ తోలైతే చాలాసార్లు మధ్యలో నీలి బూడిదరంగు కనిపిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే చిన్న ముక్క ఇంటికి తెచ్చి మరుగుతున్న నీళ్ళలో వెయ్యండి. వెజ్ ట్యాన్ చూస్తుండగానే ముడుచుకుని గట్టిపడుతుంది, క్రోమ్ ముక్క దాదాపు అలాగే ఉంటుంది. ఈ పరీక్ష ఇంకో హెచ్చరిక కూడా చేస్తుంది. తడి ఒరను స్టవ్ దగ్గరో, హెయిర్ డ్రయ్యర్‌తోనో, మే నెల ఎండలో డాబా మీదో ఆరబెట్టకూడదు.

మందం సంగతి. మన దగ్గర తోలు మందాన్ని మిల్లీమీటర్లలో, కొలతను చదరపు అడుగుల్లో చెబుతారు. విదేశీ పాఠాల్లో మందాన్ని ఔన్సుల్లో చెబుతారు, ఒక ఔన్సు అంటే దాదాపు 0.4 మిల్లీమీటర్లు. వాళ్ళు 8 ఔన్సులు అంటే మీరు 3.2 మిల్లీమీటర్లని అర్థం చేసుకోవాలి. నాలుగంగుళాల బ్లేడున్న కత్తికి 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల తోలు బాగుంటుంది. అంతకన్నా పల్చనైతే నిలబడదు, మరీ మందమైతే మొదటిసారే మడత దగ్గర చేతులు నొప్పెడతాయి. ముక్క వెన్ను వైపు నుంచి తీసుకోండి. పొట్ట వైపు తోలు సాగుతుంది, కుట్టాక మెలిక తిరుగుతుంది. గేదె తోలు బలంగా ఉంటుంది కానీ దాని పైపొర గరుకులో సన్నటి గీతలు కలిసిపోతాయి, నగిషీ చెయ్యాలంటే ఆవు తోలే తేలిక.

ఏ కత్తితో మొదలుపెట్టాలి

జంబియాతో మాత్రం వద్దు. హైదరాబాద్ పాతబస్తీ పక్కనున్న బార్కాస్‌లో స్థిరపడిన చావుష్‌లు అనే అరబ్బు సంతతివాళ్ళ పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళు. పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా డప్పులు మోగుతుంటే జంబియా తిప్పుతూ ఆడడం హైదరాబాద్‌లో చూడనివాళ్ళు తక్కువ. ఆ కత్తి వంపు తిరిగి ఉంటుంది, రెండు వైపులా పదును ఉంటుంది, మధ్యలో గట్టులా లేచి ఉంటుంది. మడిచి కుట్టిన తోలులో అది ఒదగదు, ఒకవైపు పదును కుట్టును కోస్తుంటే రెండోవైపు పదును మడతను కోస్తుంది. అందుకే అలాంటి కత్తులకు ముందు చెక్కతో రెండు దళాలుగా ఒర చెక్కి, అతికించి, పైన తోలు తొడుగుతారు. ఖుక్రీకి కూడా అంతే. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడడానికి వెళితే కత్తుల మీద నుంచి కళ్ళు ఒకసారి ఒరల మీదికి తిప్పండి. పాత ఒరలు చాలావరకు చెక్క మీద తోలో మఖ్మలో తొడిగినవే ఉంటాయి. కత్తి దిగే మూతికీ, మొన ఆగే కొసకీ లోహపు తొడుగులు ఉంటాయి. ఆ రెండు చోట్లా తోలు తొందరగా దెబ్బతింటుంది, తొడుగు పెట్టింది అలంకారానికి ఒక్కదానికే కాదు.

మొదటి ఒరకి ఒకవైపే పదును, వెన్ను దాదాపు తిన్నగా, బ్లేడు నాలుగంగుళాల లోపు ఉన్న కత్తి తీసుకోండి. చట్టం సంగతి కూడా ఒక మాట. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల్లో, ఇంటి పనికో వ్యవసాయానికో పరిశ్రమకో చేసినవి కాకుండా, 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. చిన్న కత్తి అయినా నడుముకి పెట్టుకుని నగరంలో తిరగాల్సిన వస్తువు కాదు. మనం చేస్తున్నది షోకేసులోనో తోటలోనో ఉండే ఒర.

ఇక ఆకారం. మొదటిసారి చేసేవాళ్ళకి మడత ఒరే మంచిది. ఒకే ముక్కను కత్తి వెన్ను దగ్గర మడిచి, పదును వైపు కుడతాం. ఇక్కడ చాలామంది వదిలేసేది లోపలి పట్టీ, పనివాళ్ళు వెల్ట్ అనేది. అది లేకుండా రెండు పొరలూ కలిపి కుట్టేస్తే కత్తిని దింపిన ప్రతిసారీ పదును నేరుగా దారాన్ని తాకుతుంది. కొన్నాళ్ళకు కుట్టు తెగుతుంది, ఆ తర్వాత తెగేది పట్టుకున్న చెయ్యి. బ్లేడు మందమంత మందం, 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న తోలు పట్టీని రెండు పొరల మధ్య పెడితే పదును దాన్నే తాకుతుంది, కుట్టు దాని వెనక భద్రంగా ఉంటుంది. అలంకారం కోసం చేస్తున్న ఒరే అయినా ఈ పట్టీ విషయంలో రాజీ వద్దు.

నమూనా గీసేటప్పుడు కత్తి పదునుకి మాస్కింగ్ టేప్ చుట్టి, మందపాటి శుభలేఖ అట్ట మీద పెట్టి చుట్టూ గీయండి. పదును వైపు పట్టీ కోసం 10 మిల్లీమీటర్లు వదలాలి. వెన్ను వైపు లెక్కే తప్పుతుంటుంది. 3 మిల్లీమీటర్ల తోలు 3 మిల్లీమీటర్ల వెన్ను చుట్టూ తిరగాలంటే ఆ మలుపే కొంత తోలును తినేస్తుంది. వెన్ను మందం, తోలు మందం కలిపి సుమారు 6 మిల్లీమీటర్లు మడత కోసం ఇచ్చి, అప్పుడు రెండో సగం గీయాలి. అట్టను కత్తిరించి, మడిచి, క్లిప్పులు పెట్టి, కత్తిని దింపి చూడండి. ఒర నడుముకి ఏ వైపు వేలాడుతుందో, నగిషీ ఉన్న ముఖం బయటికి వస్తుందో లోపలికి పోతుందో అట్ట మీదే తేలిపోవాలి. తోలు కోసేశాక కుడిచేతి ఒరను ఎడమచేతికి మార్చడం కుదరదు. ఒర మూతి పిడి మీదికి ఓ అంగుళం వరకు రావాలి, ఎందుకంటే కత్తిని జారకుండా పట్టుకోవాల్సింది పిడి దగ్గరే, బ్లేడు దగ్గర కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, బాగా చేసిన తోలు ఒరలో పక్కింటి కత్తి ఒక్కటి కూడా ఇమడదు.

నగిషీ: తడి ఎంత ఉండాలి

నగిషీ తోలు చదునుగా ఉన్నప్పుడే, అంటే మడవకముందే చెయ్యాలి. కష్టమంతా తడి దగ్గరే ఉంటుంది. తోలు మరీ తడిగా ఉంటే గుద్దిన అచ్చు బురదలో వేసినట్టు అలుక్కుపోతుంది. మరీ పొడిగా ఉంటే అచ్చు దిగదు, బలవంతం చేస్తే పైపొర చిట్లుతుంది. స్పాంజితో రెండు వైపులా సమంగా తడిపి, పాలిథీన్ కవరులో చుట్టి రాత్రంతా ఉంచండి. ఇస్త్రీకి ముందు నూలు చీర మీద నీళ్ళు చిలకరించి చుట్టిపెట్టడం మన ఇళ్ళలో తెలిసిన పనే, ఇక్కడా తడి లోపలికంటా సమంగా పాకడానికే ఆ ఆగడం. పొద్దున తీసి గాలికి వదిలితే పైభాగం మళ్ళీ దాదాపు అసలు రంగుకి వస్తుంది, ముట్టుకుంటే మాత్రం చల్లగా ఉంటుంది. చెక్కడానికి అదే అదను. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ పొడిగాలికి ఈ అదను ఎక్కువసేపు ఉండదు, పని చెయ్యని భాగాన్ని కవరుతో కప్పి ఉంచాలి. వానాకాలంలో దీనికి రివర్స్, తోలు ఆరదు. తడి తోలును కవరులో రెండు మూడు రోజులు వదిలేస్తే బూజు పడుతుంది.

గీతలు కొయ్యడానికి వాడేది స్వివెల్ నైఫ్. చూపుడువేలు పైన ఆనించి, బొటనవేలితోనూ మధ్యవేలితోనూ తిప్పుతూ, మన వైపుకి లాగుతూ కొయ్యాలి. లోతు తోలు మందంలో మూడో వంతుకి మించనక్కర్లేదు, 3 మిల్లీమీటర్ల తోలులో 1 మిల్లీమీటర్. ఆ తర్వాత గీతకి ఒక పక్క బెవెలర్ అనే ఏటవాలు అచ్చు పెట్టి, చెక్క లేదా ప్లాస్టిక్ సుత్తితో కొడుతూ జరుపుకుంటూ పోతే ఆ పక్క కిందికి దిగి, రెండో పక్క పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆకు ఆకులా కనిపించేది కోసినందువల్ల కాదు, దాని చుట్టుపక్కల నేలను దించినందువల్ల. దెబ్బ బలం వృథా కాకుండా కింద కదలని రాయి ఉండాలి. గ్రానైట్ కోసే షాపుల్లో మిగిలిపోయే ముక్క దీనికి సరిగ్గా సరిపోతుంది, ఇందుకోసం ఖరీదైన పలక కొనక్కర్లేదు.

ఏ డిజైన్ అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. పాఠాల్లో ఎక్కువగా కనిపించేది షెరిడాన్ అనే అమెరికన్ పూల శైలి. మన ఊళ్ళో ఇంతటి గచ్చుపని పెట్టుకుని దాన్నే అనుకరించడం నాకు బాధనిపిస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర గచ్చులో తీర్చిన ఆకుల చుట్లు, సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధుల జాలీలు చూసి రండి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఒక్క సలహా మాత్రం ఇస్తాను. పైగా జాలీలు గీతలే కదా అని తేలిగ్గా అనిపిస్తాయి, కొత్త చేతికి అవే అన్నిటికన్నా కష్టం. తిన్నని గీతలు పదేపదే వచ్చే చోట అర మిల్లీమీటరు తేడా కూడా దూరం నుంచే కనిపిస్తుంది. తీగ అలా కాదు, ఒక ఆకు కొంచెం పెద్దదైతే తీగకు అందమే తప్ప లోటు లేదు. మొదటి ఒరకి ఒకే తీగ, నాలుగైదు ఆకులు, చుట్టూ చుక్కల నేల చాలు. అంచుకి 10 మిల్లీమీటర్ల లోపలే డిజైన్ ఆపండి, ఆ చోటు కుట్టుది. వెన్ను మడత మీదికి కూడా రానివ్వకండి, మడిచినప్పుడు చెక్కిన గీత నోరు తెరుస్తుంది.

ఇనుము, టానిన్: మచ్చ కూడా అదే, రంగు కూడా అదే

అచ్చులు కొనే బదులు మేకుల తలలు అరగదీసి వాడుకోవచ్చని చాలామంది చెబుతారు. ఇనుము పొడి తోలుకు తగిలితే ఫర్వాలేదు, కానీ పొడి తోలులో అచ్చు దిగదు. తడి తోలు మీద మామూలు ఇనుప మేకు పెట్టి కొడితే ఆ చోట నీలి నల్ల మచ్చ పడుతుంది, అది కడిగితే పోయేది కాదు. తోలులోని టానిన్, ఇనుము కలిసి ఐరన్ టానేట్ అనే నల్లటి పదార్థంగా మారడం వల్ల వచ్చే మచ్చ అది. ఇది తెలిసినవాళ్ళు చాలా టెన్షన్ తప్పించుకుంటారు. క్రోమ్ పూత ఉన్న అచ్చులో స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులో వాడతారు. తడి తోలుకు గుండుసూదులు గుచ్చరు. బోరు నీళ్ళలో ఇనుము ఉన్న ఇళ్ళలో తోలు తడపడానికి ఫిల్టర్ నీళ్ళే తీసుకుంటారు.

ఇదే రసాయనాన్ని కావాలని వాడితే అది గొప్ప నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పుట్టేది ఇలాగే. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచుతారు, టానిన్ బట్టకు పడుతుంది. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ ద్రవంతో కలం గీస్తే బట్ట మీద నలుపు తేలుతుంది. మన తోలులో టానిన్ ముందే నిండి ఉంది, కరక్కాయతో పని లేదు. వంటింటి వెనిగర్‌లో నూనె కడిగేసిన ఇనుప పీచు వేసి, కొన్ని రోజులు ఉంచి, వడకట్టి, కుంచెతో రాస్తే తోలు నిమిషాల్లో బూడిదరంగు నుంచి నలుపుకి తిరుగుతుంది. సీసా మూత బిగించకూడదు, లోపల హైడ్రోజన్ పుడుతుంది, మంట దగ్గర పెట్టకూడదు కూడా. నలుపు వచ్చాక వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి తుడిచి, మామూలు నీళ్ళతో తుడిస్తే మిగిలిన ఆమ్లం పోతుంది. ఈ నలుపు పైన పూసిన రంగు కాదు, తోలులోనే పుట్టింది, అందుకే చేతికి అంటదు.

ఇతర రంగులకి స్పిరిట్ డై వాడొచ్చు. పల్చగా రెండు మూడుసార్లు, గుండ్రంగా తిప్పుతూ రాయాలి, ఆరాక పొడిబట్టతో గట్టిగా తుడవాలి. రంగు ఏదైనా కుట్టుకి ముందే వెయ్యడం మంచిది, లేకపోతే దారం కూడా అదే రంగుకి తిరుగుతుంది. జిగురు రాసే అంచుకి మాత్రం రంగూ నూనే తగలనివ్వకండి, అక్కడ జిగురు పట్టదు. రంగు వేశాక తోలు బిరుసెక్కుతుంది, పశువుల కాళ్ళ నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె పల్చగా ఒక్క పూత చాలు. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో లోపల పేరుకుని పైన తెల్లగా తేలే అవకాశం ఉంది. ఏ నూనె అయినా ఎక్కువైతే ఒర మెత్తబడి, గట్టిగా నిలబడాల్సిన గుణమే పోతుంది.

కుట్టు, ఒదుగు, అంచు

చెప్పులు కుట్టేవాళ్ళు వాడే రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా రాసి, చేతికి అంటనంతగా ఆరాక అతికించండి. కుట్టు గీత అంచుకి 4 మిల్లీమీటర్ల లోపల, రంధ్రాల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. రెండు పొరలూ పట్టీ కలిపి 9 మిల్లీమీటర్లు అవుతుంది, బజారులో దొరికే స్టిచింగ్ చిజెల్, అంటే కుట్టు రంధ్రాలు వేసే పళ్ళ ఉలి, అంత లోతుకు నిటారుగా దిగదు. చిజెల్‌తో పైన గుర్తులు మాత్రం పెట్టి, తోలు పొడిచే ఆరెతో గానీ, 1.5 మిల్లీమీటర్ల బిట్ పెట్టిన డ్రిల్‌తో గానీ రంధ్రాలు వెయ్యాలి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఇలాంటి బిట్లు దొరుకుతాయి. ఆరె వాడితే అవతలి పక్క చెయ్యి పెట్టకుండా పాత కార్కు ముక్క పెట్టండి.

ఇక్కడ వాడేది సాడిల్ కుట్టు. ఒకే దారానికి రెండు చివర్లా రెండు మొండి సూదులు, ప్రతి రంధ్రంలోనూ రెండూ ఎదురెదురుగా దాటుతాయి. మిషన్ కుట్టులో పై దారం, కింద దారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి, ఒకచోట తెగితే పక్క కుట్లూ వదులవుతాయి. సాడిల్ కుట్టులో ఒకవైపు తెగినా రెండో దారం పట్టి ఉంచుతుంది. దారం పొడవు కుట్టాల్సిన గీతకి నాలుగు రెట్లకు పైగా తీసుకోండి, ఇంత మందంలో ఐదు రెట్లు అయితే నిశ్చింత. మైనం పూసిన పాలిస్టర్ దారం మన వాతావరణానికి బాగుంటుంది. చివర్లో రెండు మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి కొయ్యాలి.

రోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన ఆరెకు చివర చిన్న కొక్కెం ఉంటుంది. ఆయన దారాన్ని ఆ కొక్కెంతో కిందినుంచి ఉచ్చుగా పైకి లాగి, అందులో రెండో దారం పోనిస్తాడు. పద్ధతి వేరు, వేగం మనకి అందనిది. కుదిరితే ఆయన దగ్గర కాసేపు కూర్చుని, చూపించమని అడిగి, ఆ సమయానికి డబ్బు ఇచ్చి నేర్చుకోండి. తోలును ఏ కోణంలో పొడిస్తే చిరగదో ఆయన చేతిని చూస్తే తెలిసినంతగా వీడియోలో తెలియదు.

కుట్టాక ఒదుగు, అంటే తోలును తడిపి కత్తి ఆకారానికి ఒదిగించడం. నగిషీ లేని ఒరనైతే గోరువెచ్చని నీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి తీయొచ్చు. చెక్కిన ఒరను అలా ముంచితే అంత కష్టపడి దించిన నేల మళ్ళీ ఉబ్బుతుంది, లోతు తగ్గుతుంది. అందుకే మూతి దగ్గర, పిడి ఆనే భాగం మాత్రమే స్పాంజితో తడపాలి. ముంచాలా తుడవాలా అన్న గొడవ ఇక్కడితో తీరిపోతుంది. కత్తికి నూనె రాసి, వంటింటి ప్లాస్టిక్ ఫిల్మ్ రెండు పొరలు చుట్టి దింపండి. కారణం మీకు తెలిసిందే: ఇనుము, తడి టానిన్. తోలుకి మచ్చ, కత్తికి తుప్పు రెండూ ఒకేసారి వస్తాయి. బొటనవేళ్ళతో పిడి చుట్టూ నొక్కి ఆకారం తెప్పించి, గట్టిపడడం మొదలయ్యాక కత్తి తీసేసి, నీడలో ఫ్యాన్ గాలికి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. ఫిన్లాండ్‌లో పుక్కో కత్తుల ఒరలు చేసేవాళ్ళలో కొందరు అసలు కత్తికి బదులు లోపల చెక్క దిమ్మ పెట్టి ఆరబెడతారు. ఓపిక ఉంటే అది ఇంకా మంచి పద్ధతి.

అంచు పని అందరూ తొందరపడి వదిలేసే చోటు. మూడు పొరలు కలిసిన అంచును ముందు శాండ్‌పేపర్‌తో, గరుకు నుంచి నునుపుకి, ఒకే పొరలా కనిపించేదాకా రుద్దాలి. అంచు మూలలు ఎడ్జ్ బెవెలర్ అనే అంచు చెక్కే పనిముట్టుతో (నగిషీ బెవెలర్ కాదు) గుండ్రంగా తీసి, నీళ్ళు రాసి, నున్నటి చెక్క ముక్కతో వేడి పుట్టేలా రుద్దితే పోగులు అణిగి గాజులా మెరుస్తాయి. చివర్లో తేనెమైనం. ఒర మీద నగిషీ ఎంత బాగున్నా అంచు పోగులు పోగులుగా ఉంటే చూసే కన్ను అక్కడికే పోతుంది.

కొసకి లోహపు తొడుగు పెట్టుకోవాలనిపిస్తే జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనివాళ్ళు రేకు మీద నగిషీ కొట్టడంలో తరతరాలుగా చెయ్యి తిరిగినవాళ్ళు. ఇత్తడి కూడా వెజ్ ట్యాన్ తోలుకు ఆనుకుని ఉంటే పచ్చటి చిలుము పడుతుంది, లోపలి వైపు లక్కర్ పూత వేయించి తొడగండి. అదే కారణంగా కత్తిని నెలల తరబడి ఒరలోనే ఉంచకూడదు. తోలులో ఎప్పుడూ కొంత తేమా, కొంత ఆమ్లమూ ఉంటాయి. జూన్ నుంచి అక్టోబర్ దాకా కత్తిని తుడిచి, నూనె రాసి విడిగా పెట్టండి, ఒరను గాలి ఆడేచోట వేలాడదీయండి. కార్బన్ స్టీల్ కత్తి అయితే ఏడాదంతా అలాగే చెయ్యాలి.